బాతుల వేటకు గ్రాఫు కాగితం

చార్టు లేని వేటగాడు ఉత్త చేతులతో ఇంటికొస్తాడు. చార్టు ఉన్న వేటగాడు కూడా ఉత్త చేతులతోనే వస్తాడు. కానీ ఎందుకు ఉత్త చేతులో దశాంశ స్థానాలతో సహా చెప్పగలడు! మనిషి ఇన్ని వేల ఏళ్లుగా సాధించిన ప్రగతి ఇదే కదా?

చార్టులంటే విసుక్కునే వాళ్లు కొందరున్నారు. నడిస్తే అడుగుల లెక్క, పడుకుంటే నిద్ర లెక్క, ఒకటో తరగతి పిల్ల రంగు పెన్సిలు పట్టుకుంటే దానికో బార్ గ్రాఫు, ఏమిటీ గోల అంటారు. పాపం, వాళ్లకు మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే అశోక్ చౌక్‌లో ఆంజనేయులు సంగతి తెలియదు. తెలిస్తే ఈపాటికి వంటింట్లో పొయ్యి పక్కన కూడా ఒక చార్టు తగిలించుకునేవాళ్లు.

ఆంజనేయులు బతుకంతా గ్రాఫు కాగితం మీదే నడిచింది. జకార్డు మగ్గాల మీద నేసే చద్దర్లకు ఆయన నక్షాలు గీసేవాడు. నెమలి కావాలంటే నెమలి, కోట బురుజు కావాలంటే కోట బురుజు! ఒక్కో గడి ఒక్కో పోగు. ఒక్క గడి తప్పిందంటే నెమలికి రెండు ముక్కులొస్తాయి. ముప్ఫై నాలుగేళ్లలో ఏ నెమలికీ రెండో ముక్కు రాలేదు. ఆ తర్వాత కార్ఖానాకు కంప్యూటర్ వచ్చింది. ఆంజనేయులు ఇంటికొచ్చాడు, మిగిలిన రెండు కట్టల గ్రాఫు కాగితాన్ని చంకలో పెట్టుకుని.

పని లేని మనిషీ, గీత పడని గ్రాఫు కాగితమూ ఒకే గదిలో ఉంటే ఏమవుతుంది? కొడుకు వినాయక్ మోజుపడి కొని, రెండు పెళ్లిళ్లలో వాడి, బీరువాలో పడేసిన కెమెరా కూడా అదే గదిలో ఉంటే? బాతుల వేట అవుతుంది!

వేట అనగానే కంగారు పడకండి. ఈ రోజుల్లో తుపాకీతో బాతును కొడితే అటవీశాఖ వాళ్లొచ్చి వేటగాణ్ణి వేటాడతారు. ఆంజనేయులుది ఫోటో వేట. చలికాలం రాగానే ఊరవతల హిప్పర్గా చెరువులో ఎక్కడెక్కడి బాతులో వచ్చి దిగుతాయి. ఆదివారం తెల్లారేసరికి కట్ట దాటి, తుమ్మ పొదల చాటున నక్కి, కెమెరాతో కొట్టడమే!

నియమాలు మాత్రం కఠినం. తల, తోక రెండూ ఫోటోలో పడితే ఒక బాతు. తోక ఒక్కటే పడితే పావు బాతు. ఉత్త నీళ్లు పడితే సున్న. సున్న కూడా రాయాలి! సున్న రాయనివాడు వేటగాడు కాడు, గాలికి తిరగడానికొచ్చినవాడు.

స్కూటర్ వెనక సీటు మీద కిష్టయ్య కూర్చునేవాడు. కుంఠా నాకా దగ్గర ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్లు నేస్తాడు. వెనకటి రోజుల్లో ఆంజనేయులు గీసిన ప్రతి కొత్త నక్షానూ మొదట నేసి చూసింది కిష్టయ్యే. ఇద్దరిదీ నలభై ఏళ్ల జత. మంచులో అర కిలోమీటరు అవతల నీటి మీద తేలేది బాతో, కొబ్బరి చిప్పో చెప్పగల కళ్లు కిష్టయ్యవి. "అగో, అగో, ఎర్ర మూతిది!" అని చెవిలో గుసగుసగా చెప్పేవాడు. సంచిలో జొన్న రొట్టెలు, పల్లీలతో చేసే శేంగా చట్నీ కూడా ఆయనవే.

మొదటి ఆదివారం ఫలితం: రెండుంపావు బాతులు.

మామూలు మనిషైతే ఏం చేస్తాడు? ఇంటికొచ్చి పడుకుంటాడు. ఆంజనేయులు నాలుగు గ్రాఫు కాగితాలు అతికించి గోడకు కొట్టాడు. ప్రతి ఆదివారానికీ ఒక నిలువు వరుస. మధ్య గీతకు పైన ఎర్ర గళ్లు, అవి దొరికిన బాతులు. కింద నల్ల గళ్లు, అవి బాతుల్ని లేపేసిన చప్పుళ్లు. పక్కన ఒక నోటుబుక్కు. అందులో గాలి ఎటు నుంచి, మంచు ఎంత, చొక్కా ఏ రంగు, ఎన్ని రొట్టెలు తిన్నారు, కట్ట ఎక్కేటప్పుడు ఎన్నిసార్లు ఆగారు, దారిలో పిల్లి ఎదురైందా, అయితే ఎటు నుంచి ఎటు పోయింది... ఒక్క పిల్లి పేరు తప్ప అన్నీ ఉండేవి.

అలా రాస్తే విజ్ఞానం ఊరికే పోతుందా? మొదటి చలికాలం ముగియకముందే గొప్ప గొప్ప సత్యాలు బయటపడ్డాయి. ఆకుపచ్చ చొక్కాకు సగటు నాలుగు బాతులు. తెల్ల చొక్కాకు ఒకటిన్నర. అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది భార్య రాజమ్మకు సంబంధించింది. రాజమ్మ తిట్టి పంపిన ఆదివారాల సగటు అయిదున్నర. తిట్టకుండా పంపిన ఆదివారాల సగటు రెండు!

ఇక ఆ తర్వాతి ఆదివారం స్కూటర్ బయట పెట్టుకుని ఆంజనేయులు గుమ్మంలోనే నిలబడ్డాడు. రాజమ్మ అప్పటికే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"జర తిట్టవే" అన్నాడు.

"ఏందయ్యా?"

"పోయిన్సారి నువ్వు నవ్వుకుంట తోలినవ్. ముప్పావు బాతే పడ్డది."

"నాకియ్యాల వెయ్యి బీడీలు చుట్టేదుంది. అంత తిట్టే తీరిక లేదు. నిన్ను నువ్వే తిట్టుకో పో."

ఇది తిట్టు కిందికి వస్తుందా, రాదా? చెరువు దాకా ఆలోచించి, చివరికి సగం తిట్టుగా రాసుకున్నాడు. చూశారా, చార్టు మనిషికి ఎంత నిజాయితీ నేర్పుతుందో!

రెండో చలికాలంలో పరిశోధన నల్ల గళ్ల మీదికి మళ్లింది. అసలు బాతుల్ని లేపుతున్నదేమిటి? స్కూటర్ చప్పుడా? చివరి అర కిలోమీటరూ స్కూటర్‌ని తోసుకుంటూ పోయారు. ఫోనా? ఫోన్లు ఇంట్లో పెట్టి వచ్చారు. రొట్టెల మూట గలగలా? కాగితం పొట్లం మానేసి మెత్తని పాత ధోవతి గుడ్డలో కట్టుకొచ్చాడు కిష్టయ్య. ఒక్కో అనుమానాన్నీ కోర్టులో సాక్షిలా నిలబెట్టి, ప్రశ్నించి, విడుదల చేశాడు ఆంజనేయులు. ప్రతి నల్ల గడి లోపలా కారణం కూడా రాశాడు. ఫోనుకు 'ఫో', హారనుకు 'హా', దగ్గుకు 'ద'.

మూడో చలికాలం మధ్యలో కిష్టయ్య తమ్ముడి బిడ్డ పెళ్లికని సిరిసిల్ల వెళ్లి రెండు ఆదివారాలు రాలేదు. ఆ రెండు ఆదివారాల సగటు పంతొమ్మిది.

పంతొమ్మిది! కిష్టయ్య ఉన్న ఆదివారాల సగటు? మూడు.

ఆంజనేయులు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ లెక్కేశాడు. గళ్లు అబద్ధం చెప్పవు. ఆ సంవత్సరం నల్ల గళ్లన్నింట్లోనూ ఒకటే అక్షరం. ద, ద, ద, ద.

ఇలాంటి సమయంలో చార్టు లేనివాడు స్నేహానికి కట్టుబడి నోరు మూసుకుంటాడు. ఎంత వెనకబాటుతనం! ఆంజనేయులు చార్టును చుట్టగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, అశోక్ చౌక్‌లో చాయ్ దుకాణానికి తీసుకెళ్లి, బెంచీ మీద పరిచి కిష్టయ్యకు చూపించాడు.

"నేను చెప్తలేనురా, కాగితం చెప్తున్నది" అన్నాడు ముందే.

కిష్టయ్య చాయ్ గ్లాసు పక్కన పెట్టి, కాగితం మీదికి వంగి, వేలితో ఒక్కో వరుసా తడుముకుంటూ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లు ఈయన గీతల్ని బట్ట మీదికి దించిన మనిషికి ఇంకొకరు విప్పి చెప్పాలా?

"అంటే నేను రాకుంటె పంతొమ్మిది. వస్తె మూడు."

"సగటున" అన్నాడు ఆంజనేయులు, అదేదో ఊరట అన్నట్టు.

"మంచిగ గీసినవ్. నీ నక్షాల ఎన్నడన్న తప్పు వొయ్యిందా? నేసినోన్ని నాకెర్కలేదా?" అని లేచాడు కిష్టయ్య. సగం చాయ్ గ్లాసులోనే ఉంది. "నాకు ఎట్లయినా ఈ ఆదివారం ఇంటికాడ పనుంది. నువ్వు పొయ్యి రా."

రోడ్డు దాటేలోపు రెండుసార్లు ఆగి దగ్గాడు. ఆంజనేయులు చెయ్యి అలవాటుగా జేబులో పెన్సిల్ వైపు వెళ్లింది. వెళ్లి, ఆగిపోయింది.

ఆ ఆదివారం ఒంటరి వేట. ముప్ఫై ఒక్క బాతులు! అన్నిటికీ తల, తోక. ఒక్క పావు బాతు కూడా లేదు. మంచు విడిపోతున్న వేళ ఎర్ర మూతి బాతుల గుంపు ఒకటి కెమెరాకు నాలుగడుగుల దూరంలోంచి, ఫోటో తీయించుకోవడానికే వచ్చినట్టు వరసగా సాగిపోయింది. రికార్డు! ఆంజనేయులు "చూసినవా రా!" అని పక్కకు తిరిగాడు. పక్కన తుమ్మ పొద ఉంది. తుమ్మ పొదకు బాతుల మీద అభిప్రాయమేమీ లేదు.

రొట్టెలు తెచ్చుకోవడం కూడా మర్చిపోయాడు. రొట్టెల కాలమ్‌లో మొదటిసారి సున్న పడింది.

ఇంటికొచ్చి గోడ ముందు నిలబడి ముప్ఫై ఒక్క గళ్లకు ఎర్ర రంగు వేశాడు. రంగు కాగితం పై అంచు దాటి గోడకు అంటింది. అంత పెద్ద విజయాన్ని చూసి రాజమ్మ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. నడుముకు చెయ్యి ఆనించుకుని కాసేపు చూసింది. ఆవిడ చూస్తున్నది పైకి కాదు, కిందికి.

"ఈ నల్లయి ఏంది?"

"చప్పుళ్లు. ఇప్పుడైతే అన్ని కిష్టయ్య దగ్గులే. గందుకే కద వాన్ని..."

"థాంబ్ జర, ఆగు." రాజమ్మ కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు వేలు నడిపింది. "మొదటేడు పొద్దుకు రెండు, మూడు. నడుమ ఏడు, ఎనిమిది. ఇగో, ఈడ ఇరవై ఆరు. ఈ కొసకు పల్సగున్నయి, ఆ కొసకు చాపోలె అల్లుకున్నయి. ఇది బాతుల నక్షానా అయ్యా? ఇది కిష్టన్న ఛాతీ నక్షా."

ఆంజనేయులు నోటుబుక్కు తీశాడు. రొట్టెల కాలమ్: కిష్టయ్య మొదటేడు నాలుగు తిన్నాడు. తర్వాత మూడు. ఈ సంవత్సరం ఒకటిన్నర. చట్నీ రుచి మారిందేమోనని పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టి ఉంది. కట్ట మీద ఆగిన సార్లు: మొదటేడు లేదు. తర్వాత ఒకటి. ఇప్పుడు నాలుగు. దాని పక్కన ఎర్ర సిరాతో తనే రాసుకున్న మాట: 'ఆలస్యం వల్ల బాతులు తక్కువ.'

మూడేళ్లు ఆయన ఆ మనిషి పక్కనే కూర్చున్నాడు. ప్రతి దగ్గునూ విన్నాడు, విన్నదాన్ని విన్నట్టే రాశాడు. ఒక్క గడి తప్పు పోలేదు. బట్టను ఉల్టా వైపు నుంచి చూశాడు, అంతే.

అయినా చార్టును తప్పు పడదామా? పట్టకూడదు! చెప్పాల్సిందంతా అది చెప్పింది.

భవాని పేట్‌లో కిష్టయ్య ఇల్లు. ఆంజనేయులు వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని దారపు ఉండ విప్పుతున్నాడు. అంటే ఆదివారం ఇంట్లో ఉన్న పెద్ద పని అదే. లోపల నుంచి కిష్టయ్య భార్య గంగుబాయి తొంగి చూసి, ఈయన ముఖం కనపడగానే పలకరించకుండా వెనక్కి పోయింది.

"ఎన్ని పడ్డయ్?" అడిగాడు కిష్టయ్య, తల ఎత్తకుండా.

"ముప్ఫై ఒకటి."

"ఆఁ. ఇంకేంది మరి!"

"కిష్టా, దవాఖానకు పోదాం నడువ్."

"ఎందుకు? షెడ్డుల దగ్గులేనోడు ఎవడున్నడు? నూలు నుసి ముక్కుల వోతది, దగ్గొస్తది. నలభై ఏండ్ల సంది ఉన్నదే. దవాఖానకు వోతె వాళ్లొక రోగం పేరు వెడ్తరు. పేరు వెట్టినంక మేనేజర్ పనికి రావద్దంటడు. నక్కో. నాకేం గాలె."

ఆంజనేయులు బతిమాలాడు. కిష్టయ్య వినలేదు. కోప్పడ్డాడు. అసలే వినలేదు. నలభై ఏళ్ల స్నేహితుణ్ణి బాతుల కోసం దింపేసిన మనిషి ఇప్పుడు వచ్చి ప్రేమ చూపిస్తే ఎవరు వింటారు? చివరికి ఆంజనేయులు తన దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం తీశాడు.

"నీకోసం ఎవడు రమ్మంటున్నడురా? నువ్వు లేకుంటె ఎర్ర మూతిదేదో, నల్ల తోకదేదో నాకు తెలుస్తలేదు. ముప్ఫై ఒక్కటి కొట్టిన, ఒక్కదాని పేరు రాయలేకపొయ్యిన. రికార్డంత ఖరాబైతున్నది. నువ్వు రావాలె. నువ్వొస్తె దగ్గు రావొద్దు. గందుకని నడువ్. బాతుల కోసం."

కిష్టయ్య దారపు ఉండ కింద పెట్టాడు.

"బాతుల కోసమైతె వస్త" అన్నాడు.

లోపల గంగుబాయి ఎప్పుడు చీర మార్చుకుందో, చేతి సంచితో గుమ్మంలో తయారుగా నిలబడి ఉంది. ఆ రోజు దవాఖానకు సెలవు. మర్నాడు పొద్దున తెరిచేసరికి ముగ్గురూ వరసలో మొదట ఉన్నారు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఎన్నాళ్ల నుంచి దగ్గు అని మరాఠీలో అడిగింది. "చార్ దివస్" అన్నాడు కిష్టయ్య, మూడేళ్లను నాలుగు రోజులు చేసి.

ఆంజనేయులు రబ్బరు బ్యాండు తీశాడు. చార్టు బల్ల దాటి, తూకం మిషన్ దాటి, మంచం మీదికి పాకింది. మూడు చలికాలాలు, ముప్ఫై ఎనిమిది ఆదివారాలు. డాక్టరమ్మ లేచి నిలబడి చూసింది. నల్లవి దగ్గులని అర్థం చేసుకుంది. ఎర్రవేమిటని అడిగింది.

"బాతులు" అన్నాడు ఆంజనేయులు.

ఆవిడ నవ్వలేదు. నోటుబుక్కు కూడా అడిగి తీసుకుని రొట్టెల కాలమ్, కట్ట కాలమ్ చదివింది. ఇంత వివరంగా రాసిన పేషెంటు కాగితం తన చేతికి ఎప్పుడూ రాలేదని అంది. తర్వాత ఎక్స్‌రే తీయించింది, గొట్టంలోకి ఊదించింది. ఊపిరితిత్తుల్లో నూలు నుసి చేరి గాలి దారి సన్నబడిందని తేల్చింది. పీల్చే మందు రాసింది. మందు ఒక్కటే చాలదు, ఇక ఆ షెడ్డులో అడుగు పెట్టకూడదు. ఇంకో రెండు చలికాలాలు ఆగి వస్తే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని కూడా చెప్పింది. గంగుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చూశారా? బాతుల్ని లెక్కపెడితే మనిషి దక్కాడు! ఇది చాలదా చార్టుల గొప్పతనానికి?

చాలదు. కథ ఇంకా కార్ఖానాకు వెళ్లాలి.

షెడ్డు వదిలి ఇంకేదైనా పని ఇమ్మని అడగడానికి ఇద్దరూ మేనేజర్ సుమిత్ దగ్గరికి వెళ్లారు. కార్ఖానా అనగానే మీరు అనుకుంటారు, అక్కడ పనివాళ్ల గురించి పట్టించుకునే నాథుడు ఉండడనీ, ఒక రికార్డూ పాడూ ఉండదనీ. ఎంత అన్యాయం! సుమిత్ మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. కిష్టయ్య పేరు వినగానే కంప్యూటర్ వాళ్లవైపు తిప్పాడు.

"బఘా కాకా, చూడండి, మా దగ్గర కూడ చార్ట్ ఉంది. ఒక్కొక్కరిది వేరే వేరే. ఇది కిష్టయ్య కాకాది."

నిజమే, ఉంది. ఎంత చక్కని చార్టు! నీలం రంగు గీత. షిఫ్టుకు ఎన్ని టవళ్లు, ఏ నెల ఎన్ని, మగ్గం ఎన్ని నిమిషాలు ఆగింది, పోగు ఎన్నిసార్లు తెగింది. మూడేళ్లు, ఒక్క షిఫ్టు కూడా వదలకుండా. ఆదివారాలు మాత్రమే కాదు, అన్ని రోజులూ! గీత ఎడమ వైపు ఎత్తున మొదలై, మెట్టు మెట్టుగా దిగి, కుడి వైపు కిందికి వచ్చి ఆగింది.

ఆంజనేయులు కళ్లజోడు సర్దుకున్నాడు. ఎంతైనా నక్షా గీసినవాడు. తన చార్టులో నల్లగళ్లు ఎక్కడ ఒత్తుకున్నాయో, ఈ గీత సరిగ్గా అక్కడే కుంగింది.

"ఇంత తగ్గింది గదా బాబూ. తగ్గింది చూసి మీరేం జేసిన్రు?" అని అడిగాడు.

"యాక్షన్ తీస్కున్నం కాకా" అన్నాడు సుమిత్, కొంచెం నొచ్చుకుంటూ. "దీపావళి అయినంక ఈయన కాడ నుంచి రెండు మగ్గాలు తీసేసినం."

ఆంజనేయులు పక్కకు తిరిగాడు. కిష్టయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దీపావళి తర్వాత ఎన్ని ఆదివారాలు ఒకే స్కూటర్ మీద వెళ్లారు! ఒక్కనాడూ ఈ మాట చెప్పలేదు.

సుమిత్ మంచివాడే. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివి, కిష్టయ్యను టవళ్లు మడతపెట్టే గదికి మార్చాడు. అక్కడ నుసి ఎగరదు, కిటికీ ఉంది. మార్చిన వెంటనే కంప్యూటర్‌లో కిష్టయ్య పేరు మీద ఇంకో చార్టు తెరిచాడు. గంటకు ఎన్ని మడతలు!

ఇప్పుడు ఆదివారాలు మళ్లీ ఇద్దరూ వెళ్తున్నారు. దగ్గు పూర్తిగా పోలేదు. పొద్దుకు తొమ్మిది, పది. బాతుల సగటు ఎనిమిదిన్నర. రొట్టెలు రెండున్నరకు వచ్చాయి, ఆంజనేయులు ఆ గడికి మాత్రం ఎర్ర రంగు వేశాడు.

అందుచేత పాఠకులారా, చార్టులు వరమే. మీరు పనిచేసే చోట కూడా మీ మీద ఒకటి ఈపాటికి నడుస్తూనే ఉంటుంది. సంతోషించండి! మీరు ఏ రోజు నుంచి కుంగిపోతున్నారో అందులో తారీఖుతో సహా ఉంటుంది. మీకు తప్ప అందరికీ అది కనపడుతూనే ఉంటుంది. కాకపోతే వాళ్లు మీ కోసం వెతకరు, టవళ్ల కోసం వెతుకుతారు. కాబట్టి ఎందుకైనా మంచిది, బాతుల పిచ్చి ఉన్న స్నేహితుడొకణ్ణి దగ్గర పెట్టుకోండి.